పాత నగల్లో రాళ్ళు అసలువా, నకిలీవా? కొనేముందు ఇలా చూడండి

పాత నగ కొనేటప్పుడు బంగారం విషయంలో మోసపోవడం ఈ రోజుల్లో కాస్త కష్టమే. గీటురాయి ఉంది, కాసేపట్లో క్యారెట్లు చెప్పేసే మెషిన్ ఉంది. డబ్బు పోయేదంతా రాళ్ళ దగ్గరే. గుల్జార్ హౌజ్ సందుల్లో కనిపించిన జడావు హారమైనా, సికింద్రాబాద్ గిర్వీ (తాకట్టు) షాపులో ఉన్న ఏడు రాళ్ళ దుద్దులైనా, తెలిసినవాళ్ళ ద్వారా వచ్చిన పచ్చల దండైనా అమ్మేవాళ్ళ మాట ఒకటే: "మా అమ్మమ్మ కాలం నాటిదండీ, అన్నీ అసలు రాళ్ళే." వాళ్ళు కావాలని అబద్ధమాడుతున్నారని కాదు. చాలాసార్లు వాళ్ళకీ తెలియదు.

ఇంట్లోనో షాపు గడప దగ్గరో చేసే పరీక్షలతో ఒక రాయి నకిలీదని తేల్చగలరు. అసలైనదని మాత్రం తేల్చలేరు. ఒక పరీక్షలో తేడా కొట్టిందా, నగ వెనక్కిచ్చేయండి. అన్నిట్లో నిలబడిందా, అప్పుడది ల్యాబ్‌కి పంపదగ్గ రాయి, అంతవరకే. కింద చెప్పేదంతా ఈ లెక్కలోనే చదువుకోండి.

హాల్‌మార్క్ చూసి ధైర్యం తెచ్చుకోవద్దు. 916 అంకె, దాని పక్కన ఆరు అక్షరాలు-అంకెల హెచ్‌యూఐడీ (నగ గుర్తింపు కోడ్) ఉంటే అవి బంగారానికే పూచీ. గాజు రాళ్ళు పొదిగిన ఉంగరానికీ హాల్‌మార్క్ పడుతుంది. పైగా కుందన్, పోల్కీ (సానపట్టని వజ్రాలవి), జడావు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, హైదరాబాద్ పాత నగల్లో ఎక్కువ కనిపించేవి అవే.

"అసలు", "నకిలీ" అని రెండు మాటలతో పని జరగదు. భూమిలో పుట్టి, సానపట్టడం తప్ప ఇంకేమీ చేయనిది సహజ రాయి. సహజ రాయినే వేడి చేసో, పగుళ్ళలో నూనె లేదా గాజు నింపో, రంగు పట్టించో బాగు చేస్తే అది ట్రీట్ చేసిన రాయి. అదే పదార్థాన్ని ఫ్యాక్టరీలో పెంచితే సింథటిక్. వజ్రాల విషయంలో దీన్నే ల్యాబ్‌గ్రోన్ అంటున్నారు. చూపుకి అలా ఉండి పదార్థమే వేరైతే ఇమిటేషన్: గాజు, సీజెడ్ (వజ్రంలా కనిపించే క్యూబిక్ జిర్కోనియా), ప్లాస్టిక్. ఇంటి పరీక్షలు ఇమిటేషన్‌ని బాగా పట్టిస్తాయి, ట్రీట్ చేసినవాటిని కొంతవరకు పట్టిస్తాయి, సింథటిక్ దగ్గర తరచూ చేతులెత్తేస్తాయి.

దగ్గర ఉంచుకోవాల్సినవి

అన్నిటికంటే ముఖ్యమైనది 10 రెట్ల భూతద్దం, షాపుల్లో లూప్ అంటే ఇస్తారు. 30 రెట్లు, 60 రెట్లు అని రాసి ఉన్న చవకవి కొనకండి, వాటిలో అంచులన్నీ వంకరగా, రంగులు చిమ్మినట్టు కనిపిస్తాయి. దీనితో పాటు సన్నటి వెలుగునిచ్చే చిన్న టార్చి, 365 నానోమీటర్ల యూవీ టార్చి, 0.01 గ్రాము వరకు తూచే చిన్న కాటా, రాయి కొలతలు చూసే డిజిటల్ వెర్నియర్, తెల్ల కాగితం, దూది ఉంటే చాలు. వజ్రాలు కొనే ఉద్దేశం ఉంటేనే పెన్నులా ఉండే డైమండ్ టెస్టర్.

లూప్ పట్టుకోవడంలోనే చాలామంది తప్పు చేస్తారు. నగని బల్ల మీద పెట్టి, దాని మీదకి లూప్ పట్టుకుని, దూరం నుంచి వంగి చూస్తారు. అలా ఏమీ కనబడదు. లూప్‌ని కంటికి దాదాపు ఆనించండి, కళ్ళజోడు ఉంటే దానికే ఆనించండి. రెండో చేత్తో నగని అంగుళం దూరం దాకా దగ్గరికి తెచ్చుకోండి. మోచేతులు బల్లకి ఆనాలి, రెండో కన్ను మూయకూడదు. లూప్ పట్టిన చేతి వేళ్ళకి నగ పట్టిన చేతి వేళ్ళు తగులుతుంటే వణుకు ఉండదు.

కన్ను అలవాటు పడటానికి చార్మినార్ పక్కన లాడ్ బజార్ కంటే మంచి బడి లేదు. రాళ్ళు పొదిగిన లక్క గాజుల జత ఒకటి కొనండి. ఆ రాళ్ళు గాజువని అమ్మేవాడూ దాచడు, కొనేవాళ్ళూ తెలిసే కొంటారు. ఇంటికొచ్చి లూప్‌తో ఒక్కో రాయినీ చూడండి. చెక్కిన ముఖాలు కలిసేచోట అంచు వాడిగా ఉండదు, సబ్బు అరిగినట్టు గుండ్రంగా ఉంటుంది. కొన్నిటి లోపల గుండ్రటి గాలి బుడగలు, పాకంలో తీగల్లాంటి మెలికలు కనిపిస్తాయి. అంచు చిట్లినచోట గవ్వ లోపలి వంపులా మెరుస్తుంది. వెనక అద్దంలా పూసిన వెండి రంగు పూత ఉంటుంది. ఓ గంట ఇదే పనిగా చూస్తే, ఆ తర్వాత ఏ నగలో గాజు ఉన్నా కన్నే ముందు చెబుతుంది.

నగని వెనక్కి తిప్పండి

షాపు లైట్ల కింద అన్నీ మెరుస్తాయి, అందుకే అవి పెట్టేది. నగని గుమ్మం దగ్గరికి, నేరుగా ఎండ పడని పగటి వెలుగులోకి తెచ్చుకోండి. ముందువైపు చూడకుండా వెనక్కి తిప్పండి.

వెనక తెరిచి ఉండి రాయి అడుగు కనబడుతుంటే సగం మేలు. ఖరీదైన రాయిని దాచుకోవాల్సిన అవసరం తక్కువ. వెనక బంగారు రేకు మూసి ఉంటే అది మోసమని అనలేం. జడావు, పచ్చి పని, పాతకాలపు రవ్వల దుద్దులు అన్నీ మూసిన గూళ్ళే. రాయి కింద మెరుపు రేకు పెట్టడం కూడా ఆ పనిలో భాగమే. చిక్కేమిటంటే, ఆ రేకు లేత రాయిని ముదురుగా, గాజుని కెంపుగా చూపించగలదు. మూసిన గూట్లో ఉన్న రాయికి రంగు చూసి ధర కట్టడం వద్దు.

లూప్‌తో రాయి చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. రాయిని పట్టే బంగారు గోళ్ళు లేదా గూటి అంచు దాన్ని గట్టిగా పట్టి ఉండాలి. గోరుకీ రాయికీ మధ్య పారదర్శకంగా, ఎండిన బెల్లప్పాకంలా ఏదైనా కనిపిస్తే అది జిగురు. విలువైన రాయిని జిగురుతో అతికించరు (ముత్యాలు వేరు, వాటిని పుల్లకి గుచ్చి జిగురు పెట్టడం మామూలే). తర్వాత ఒక గూటిని పక్క గూటితో పోల్చండి. పది గూళ్ళ అంచులు అరిగి నున్నగా ఉండి, ఒక్కదాని అంచు పదునుగా, కొత్తగా ఉంటే ఆ రాయిని ఎప్పుడో మార్చారు. పాత నగల్లో అసలు తలనొప్పి ఇదే. నగ అసలుదే, పన్నెండు రాళ్ళూ అసలువే, పదమూడోది ఊడిపోతే కంసాలి చేతికందిన గాజుముక్క పొదిగాడు. కాబట్టి రెండు రాళ్ళు చూసి మిగతావి అలాగే ఉంటాయనుకోవద్దు. లెక్కపెట్టి, కాగితం మీద వరుసగా నంబర్లేసుకుని చూడండి.

ఇక్కడే తూకం సంగతి. రాళ్ళతో, లక్కతో కలిపిన మొత్తం బరువు వేరు, బంగారం నికర బరువు వేరు. మొత్తం 48 గ్రాములున్న హారంలో రాళ్ళు, లక్క కలిపి 11 గ్రాములుంటే బంగారం 37 గ్రాములే. మొత్తం బరువుకి బంగారం ధర కట్టించుకుంటే 11 గ్రాముల గాజుని, లక్కని బంగారం రేటుకి కొన్నట్టు. జడావులో లోపలి లక్క ఎంతో విప్పకుండా కచ్చితంగా తెలియదు, పాత బిల్లు ఉందేమో అడగండి.

మురికిగా ఉన్న రాయి ఏ పరీక్షకీ సరిగ్గా పలకదు. వెనక తెరిచి ఉన్న వజ్రాలైతే గోరువెచ్చటి నీళ్ళలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, పది నిమిషాలు నానబెట్టి మెత్తటి బ్రష్‌తో రుద్దొచ్చు. కుంకుడు రసమైనా సరే. మూసిన గూళ్ళు, ముత్యాలు, పగడాలు, పచ్చలు ఉంటే మాత్రం నీళ్ళలో ముంచొద్దు, తడి గుడ్డతో తుడవండి చాలు. మూసిన గూట్లోకి నీరు చేరితే రేకు నల్లబడి రాయి చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. అల్ట్రాసోనిక్ మెషిన్లో వేస్తామంటే వద్దనండి, అందులో పచ్చల నూనె పోయి పగుళ్ళన్నీ బయటపడతాయి.

వజ్రాలు: ఏడు రాళ్ళ దుద్దుల్ని ఇలా చూడండి

మన దగ్గర చేతులు మారే పాత వజ్రాల్లో ఏడు రాళ్ళ దుద్దులు చాలా మామూలు. జతకి 14 రాళ్ళు. వాటన్నిటినీ ఒకేసారి పరీక్షించే సులువైన పద్ధతి నోటి ఆవిరి. దుద్దుని నోటికి దగ్గరగా పెట్టి అద్దం మీద ఊదినట్టు "హా" అని ఊది, వెంటనే చూడండి. వజ్రం వేడిని చాలా వేగంగా లాగేస్తుంది కాబట్టి ఆవిరి పట్టీపట్టగానే మాయమవుతుంది. సీజెడ్ మీద, గాజు మీద రెండు మూడు సెకన్లు మంచులా నిలుస్తుంది. ఆరు రాళ్ళు తళుక్కుమని, ఏడోది మసకగా మిగిలిందంటే దొంగ అదే. మే నెల ఎండలో గుమ్మం బయట ఇది పని చేయదు, ఆవిరే పట్టదు. ఏసీ గదిలో, నగ చల్లబడ్డాక చేయండి.

తర్వాత లూప్. వజ్రం ముఖాలు కలిసే అంచులు ఏళ్ళ తరబడి వాడినా కత్తిలా ఉంటాయి. సీజెడ్ అంచులు రోజూ పెట్టుకున్న దుద్దుల్లో పదేళ్ళకే అరిగి, మీద సన్నటి గీతలు పడతాయి. పాతకాలపు వజ్రాల్లో కోతలు కూడా సరిసమానంగా ఉండవు. ఒక రాయి కొంచెం కోలగా, ఇంకొకటి కాస్త మందంగా ఉంటుంది. 14 రాళ్ళూ అచ్చు గుద్దినట్టుంటే అవి పాతవి కావు.

ఇక యూవీ టార్చి, చీకటి గదిలో. కొన్ని సహజ వజ్రాలు నీలంగా వెలుగుతాయి, ఎక్కువ భాగం వెలగవు. అందుకే ఒక జత పాత దుద్దుల్లో కొన్ని గట్టిగా, కొన్ని లీలగా వెలిగి, కొన్ని నల్లగా ఉండిపోతే అది మంచి సూచన. మన పెద్దవాళ్ళు మోజుపడే బ్లూ జాగర్ వజ్రాలు గట్టిగా నీలం వెలిగే రకం. వాటిలోనూ రాయికీ రాయికీ వెలుగు కొంచెం తేడాగా ఉంటుంది. అన్నీ ఒకే తీరున వెలిగినా, ఒక్కటీ వెలగకపోయినా తప్పేనని కాదు గానీ, ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి.

డైమండ్ టెస్టర్ వాడేవాళ్ళు చేసే పొరపాట్లు మూడు. మొన బంగారానికి తగలడం, పక్కకి వాలి ఉండటం, బ్యాటరీ నీరసంగా ఉండటం. మొనని రాయి పైముఖానికి నిటారుగా ఆనించండి, ఒక్కో రాయినీ మూడుసార్లు చూడండి, రాళ్ళ మధ్య కాస్త ఆగండి. ఆవగింజంత రాళ్ళ దగ్గర అది తడబడుతుంది. ఇంతకంటే పెద్ద ఇబ్బంది మొయిసనైట్, వజ్రంలా కనిపించే వేరే రాయి. అదీ వేడిని వజ్రంలాగే లాగుతుంది కాబట్టి మామూలు టెస్టర్ దాన్ని వజ్రమనే చెబుతుంది, ఆవిరి పరీక్షలోనూ పాసవుతుంది. మన దగ్గరున్నవాటిలో దాన్ని పట్టించేది లూప్ ఒక్కటే: రాయిని కొంచెం వాల్చి పైముఖం గుండా అడుగు అంచుల్ని చూడండి, ఒక్కో గీత రైలు పట్టాల్లా రెండుగా కనిపిస్తుంది. వజ్రంలో ఎప్పుడూ ఒకటే. నిటారుగా చూస్తే మాత్రం ఈ రెండు గీతలు కలిసిపోయి కనిపించవచ్చు, వాల్చడం మర్చిపోకండి. ల్యాబ్‌గ్రోన్ వజ్రాన్ని మాత్రం ఇందులో ఏదీ పట్టదు. వాడిన పెద్ద సాలిటైర్ (ఒంటి వజ్రం) కొంటుంటే ల్యాబ్ రిపోర్టు లేకుండా ముందుకెళ్ళొద్దు.

వయసు లెక్క కూడా పనికొస్తుంది. సీజెడ్ నగల మార్కెట్‌లోకి వచ్చింది 1976 తర్వాత, మొయిసనైట్ 1990ల చివర్లో. 1950ల నాటి దుద్దులని చెప్పి అందులో సీజెడ్ దొరికితే, ఆ రాయిని తర్వాత మార్చారన్నా అవ్వాలి, నగే కొత్తదన్నా అవ్వాలి. రెంటిలో ఏదైనా ధర తగ్గించి మాట్లాడటానికి చాలు.

పోల్కీలో నునుపైన, చదునైన వజ్రపు ముక్కలుంటాయి. లోపల మచ్చలు, మబ్బులు, అంచుల్లో ఎగుడుదిగుళ్ళు ఉండటం మంచిదే. ఒకే ఆకారం పదేపదే రావడం, తేటగా నీళ్ళలా ఉండటం అనుమానించాల్సిన విషయాలు. ఇక "గోల్కొండ వజ్రం" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. ఆ పేరు చెప్పుకునే రాళ్ళ రసాయన రకం టైప్ 2ఏ, అది ల్యాబ్ పరికరాలకే తెలుస్తుంది. కాగితం లేని గోల్కొండకి ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వక్కర్లేదు.

కెంపులు: పాతదనం సాక్ష్యం కాదు

"ఎనభై ఏళ్ళ నాటి హారమండీ, అప్పట్లో నకిలీలు ఎక్కడివి?" అనే మాట కెంపుల దగ్గర చెల్లదు. ఫ్రాన్స్‌లో వెర్న్యూయ్ అనే ఆయన కొలిమిలో కెంపు తయారుచేసే పద్ధతిని 1902లో ప్రకటించాడు, కొద్ది ఏళ్ళలోనే ఆ రాళ్ళు విపరీతంగా తయారయ్యాయి. 1930ల నగలో సింథటిక్ కెంపు ఉండటంలో వింతేమీ లేదు, అప్పట్లో చాలామంది అసలుదనుకునే కొన్నారు.

మాట దగ్గరే ఒక గందరగోళం ఉంది. తెలుగులో కెంపు అంటే రూబీయే. నగల షాపుల్లో "కెంపు సెట్టు" అంటే మాత్రం టెంపుల్ జ్యువెలరీలో వాడే ఎర్రటి ఇమిటేషన్ రాళ్ళని అర్థం. బిల్లులో "కెంపు" అని మాత్రమే రాస్తే రేపు మీరు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. "నేచురల్ రూబీ" అని రాయించుకోండి.

మొదట యూవీ టార్చి వేయండి. చాలా కెంపులు చీకట్లో నిప్పు కణికలా ఎర్రగా వెలుగుతాయి. గార్నెట్ అనే ఎర్ర రాయి వెలగదు, ఎర్ర గాజు సాధారణంగా వెలగదు. అయితే ఇనుము ఎక్కువున్న సహజ కెంపులు మందంగానే వెలుగుతాయి, సింథటిక్ కెంపు మహా జోరుగా వెలుగుతుంది, ఎర్ర స్పినెల్ అనే వేరే రాయి కూడా వెలుగుతుంది. కాబట్టి వెలిగితే గాజు, గార్నెట్ అనే అనుమానం చాలావరకు తీరింది, అంతే.

తర్వాత తెల్ల కాగితం పరిచి, దాని మీద పడే వెలుగు రాయి గుండా వచ్చేలా పట్టుకుని లూప్‌తో చూడండి. సహజ కెంపులో రంగు అన్నిచోట్లా ఒకేలా ఉండదు, పట్టీలు పట్టీలుగా ఉంటే అవి తిన్నగా, మూలలు తిరుగుతూ ఉంటాయి. సన్నటి సూదుల్లాంటి గీతలు, చిన్న స్ఫటికాలు, వేలిముద్రల్లాంటి మరకలు కనిపిస్తాయి. కొలిమి కెంపులో గీతలు వంపు తిరిగి ఉంటాయి, చెట్టు మొద్దు కోసినప్పుడు కనిపించే వలయాల ముక్కలా. వాటితో పాటు ఒక్కోసారి గాలి బుడగలు. ఈ వంపు గీత ఒక్కసారి స్పష్టంగా కనిపిస్తే ఇంకేం చూడక్కర్లేదు. కనబడలేదని సహజమని అనుకోవడానికి లేదు, రాయిని పది కోణాల్లో తిప్పితే ఒక కోణంలోనే కనిపిస్తాయి.

ఈ మధ్య నగల్లో ఎక్కువగా తగిలేది గాజు నింపిన కెంపు. పగుళ్ళతో నిండిన పనికిరాని కెంపు రాయిలో సీసం కలిసిన గాజు కరిగించి పోస్తారు. 2004 ప్రాంతం నుంచి ఇవి మార్కెట్‌ని ముంచెత్తాయి. టార్చి వేసి మెల్లగా ఊపుతూ చూస్తే పగుళ్ళ వెంట నీలి, ఊదా రంగు మెరుపులు పారతాయి. పగుళ్ళ లోపల చదునుగా నొక్కినట్టున్న బుడగలు కూడా. ఇవి కొంటే ఏమవుతుందంటే, చింతపండుతోనో నిమ్మరసంతోనో నగ తోముతారు, గాజు తినేసి రాయి మీద తెల్లటి గీతలు తేలతాయి. ఉంగరం సైజు పెంచడానికి కంసాలి మంట పెడితే రాయి అక్కడే పాడవుతుంది. పెద్దగా, ఎర్రగా, చవగ్గా ఉన్న కెంపు ఎదురైతే మొదటి అనుమానం దీనిమీదే ఉండాలి.

పచ్చలు

తేటగా, మచ్చలేకుండా, చిటికెన వేలి గోరంత పచ్చ మామూలు ధరలో దొరుకుతోందంటే దొరకట్లేదనే అర్థం. సహజ పచ్చలో నాచులాంటి, వేరులాంటి చీలికలు ఉంటాయి. వాటిలో నూనె నింపడం పాత ఆచారమే, వ్యాపారంలో అందరూ ఒప్పుకునేదే. ఎంత నింపారన్నదే ధరని మారుస్తుంది. గాజైతే మెలికలు, గుండ్రటి బుడగలు, అరిగిన అంచులు కనిపిస్తాయి. "హైడ్రో" అనే పేరుతో అమ్మేవి కూడా మామూలుగా గాజే.

రంగులేని రెండు ముక్కల మధ్య పచ్చ జిగురు పొర పెట్టి అతికించిన రాళ్ళు పాత నగల్లో వస్తుంటాయి. పైనుంచి ఎవరూ పట్టలేరు. పక్కనుంచి చూస్తే పైనా కిందా తెల్లగా, నడుము దగ్గర మాత్రం పచ్చ గీత. రాయి విడిగా ఉంటే తెల్ల కప్పులో నీళ్ళు పోసి పక్కకి పెట్టి చూడండి, ఇంకా స్పష్టం. మూసిన గూట్లో ఉంటే ఇంటి దగ్గర చేయగలిగింది లేదు. పచ్చల పూసల దండైతే గుచ్చిన రంధ్రాల చుట్టూ చూడండి: రంగు అక్కడా, పగుళ్ళలోనూ చిక్కగా ఉండి మిగతాచోట లేతగా ఉంటే రంగు పట్టించినవి. చెల్సీ ఫిల్టర్ అనే రంగు గాజు కొనమని కొందరు చెబుతారు. అందులో కొలంబియా పచ్చలు ఎర్రగా కనిపిస్తాయి నిజమే, సింథటిక్ పచ్చలూ ఎర్రగానే కనిపిస్తాయి, చాలా జాంబియా పచ్చలు అలా కనిపించవు. ఆ డబ్బు ల్యాబ్ ఫీజుకి దాచుకోవడం మేలు.

ముత్యాలు

హైదరాబాద్‌కి ముత్యాల నగరమని పేరు గానీ, ఇక్కడ నీళ్ళలో ముత్యాలు పుట్టవు. పత్తర్‌గట్టి షాపుల్లో ఇప్పుడు దొరికేవాటిలో ఎక్కువ భాగం చైనా నుంచి వచ్చే మంచినీటి కల్చర్డ్ ముత్యాలు. కల్చర్డ్ అంటే నకిలీ కాదు, ఆల్చిప్పలోనే పెరిగినవి, కాకపోతే మనిషి మొదలుపెట్టించినవి. నకిలీవి గాజు లేదా ప్లాస్టిక్ పూసకి మెరుపు పూత వేసినవి.

పంటికి రాసి చూడమంటారు. ఎవరో వాడిన దండని పంటికి రాయడం కంటే రెండు ముత్యాలని ఒకదానికొకటి చాలా మెల్లగా రుద్దండి. అసలువైతే సన్నటి ఇసుక తగిలినట్టు గరగరలాడతాయి. పూత పూసలు జారిపోతాయి. అంతకంటే నమ్మకమైనది రంధ్రం. లూప్‌తో రంధ్రం అంచు చూడండి. అసలు ముత్యంలో అంచు చక్కగా తెగి, లోపల కూడా అదే పదార్థం కొనసాగుతుంది. నకిలీదానిలో పూత పెచ్చులూడి, కింద గాజు మెరుపో ప్లాస్టిక్ తెలుపో బయటపడుతుంది. దండ మొత్తం ఒకే సైజు, ఒకే గుండ్రం, ఒకే మెరుపు ఉంటే అనుమానించండి. గుత్తపూసల హారంలో మాత్రం ఒక్క గుత్తి చూసి వదిలేయకండి. ఆ చిన్న పూసలు రాలిపోతుంటాయి, మరమ్మతులో ప్లాస్టిక్‌వి గుచ్చేస్తారు. రెండు గుత్తులు వేళ్ళ మధ్య ఆడిస్తే తేలికగా ఉన్నది తెలిసిపోతుంది.

"బస్రా ముత్యాలు" అంటే గల్ఫ్ సముద్రపు సహజ ముత్యాలు. సహజమా, కల్చర్డా అన్నది ఎక్స్‌రే తీస్తేనే తేలుతుంది. కంటితో చెబుతామన్నవాళ్ళ మాటకి ధర కట్టవద్దు.

మిగిలినవి, క్లుప్తంగా

పగడాన్ని అసిటోన్‌తో (గోళ్ళ రంగు తుడిచే ద్రవం) తడిపిన దూదితో వెనకవైపు ఒక్కసారి తుడవండి. దూది ఎర్రబడితే రంగేసినది. లూప్‌లో పగడం మీద పక్కపక్కనే నడిచే సన్నటి చారలుంటాయి, గాజు మీద ఉండవు. ముత్యాల మీద, పచ్చల మీద మాత్రం అసిటోన్ వాడొద్దు. వైడూర్యం పేరుతో వచ్చే ఫైబర్ గాజులో పిల్లికన్ను గీత మరీ పదునుగా ఉంటుంది, పక్కనుంచి లూప్‌తో చూస్తే తేనెపట్టు గళ్ళు కనిపిస్తాయి. గోమేధికంలో లోపల నూనె కదిలినట్టు మెలికలు ఉండటం దాని సహజ లక్షణమే, అక్కడ మెలికలు చూసి గాజు అనుకోకండి. నీలం విషయంలో కెంపుకి చెప్పిన తిన్నటి గీత, వంపు గీత సూత్రమే.

కనక పుష్యరాగం (యెల్లో సఫైర్) విడి రాయిగా ఉంటే కాటాతోనే చాలా చెప్పొచ్చు. ముందు రాయిని పొడిగా తూచండి, 1.84 గ్రాములు అనుకుందాం. చిన్న గ్లాసులో నీళ్ళు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి. రాయిని సన్నటి నైలాన్ దారానికి కట్టి, అడుక్కీ గోడకీ తగలకుండా నీళ్ళలో వేలాడదీయండి. రాయికి అంటిన బుడగలు దులపండి. ఇప్పుడు కాటా 0.46 చూపిస్తే, 1.84ని 0.46తో భాగించండి: 4.00. అది పుష్యరాగం సాంద్రత. 0.52 చూపిస్తే 3.5 దగ్గర, టోపాజ్. 0.69 చూపిస్తే 2.67, సిట్రిన్. 0.01 గ్రాము తేడా వచ్చినా ఇక్కడ లెక్క చెడదు. ఒక గ్రాముకి, అంటే 5 క్యారెట్లకి తక్కువున్న రాళ్ళకి మాత్రం ఈ కాటా సరిపోదు.

చేయకూడనివి

నీలాన్ని పాలలో వేస్తే పాలు నీలంగా మారతాయని, పచ్చని పసుపు మీద రాస్తే ఎర్రబడుతుందని చెప్పే మాటలు ఏ రాయినీ తేల్చవు. అద్దం మీద గీసి చూడటం అన్నిటికంటే చెడ్డ పరీక్ష: గాజుని క్వార్ట్జ్ గీస్తుంది, సీజెడ్ గీస్తుంది, పచ్చా గీస్తుంది, పోయేది మీ రాయి అంచే. అగ్గిపుల్ల పెట్టడం, వేడి చేసి చల్లనీళ్ళలో వేయడం వల్ల అసలు రాయి కూడా పగులుతుంది. పేపర్ మీద పెట్టి అక్షరాలు కనిపిస్తున్నాయా అని చూడటం విడి రాళ్ళకి ఓ మాదిరిగా పనికొస్తుంది, గూట్లో ఉన్న రాయికి అర్థమే లేదు.

ల్యాబ్, రసీదు

రాళ్ళ కోసమే ఎక్కువ డబ్బు పెడుతున్నారంటే ల్యాబ్‌కి వెళ్ళాల్సిందే. రాళ్ళు పరీక్షించి రిపోర్టిచ్చే ఐజీఐకి హైదరాబాద్‌లోనూ ల్యాబ్ ఉంది. పొదిగిన నగకి ఇచ్చే రిపోర్టులో రాయి బరువు అంచనాగానే ఉంటుంది, విడి రాయికే కచ్చితమైన బరువు. జీఐఏ అనే మరో సంస్థ అయితే విడి వజ్రాలకే గ్రేడింగ్ రిపోర్టు ఇస్తుంది. రిపోర్టులో చదవాల్సింది రాయి పేరు కింది వరుస: నేచురల్ అని ఉందా, ల్యాబొరేటరీ గ్రోన్ అని ఉందా, వేడి చేసిన గుర్తులు, పగుళ్ళు నింపిన గుర్తులు అనే వ్యాఖ్య ఉందా. "రూబీ" అన్న పెద్దక్షరాలు చూసి మడిచేస్తే లాభం లేదు, చేదు నిజం చిన్నక్షరాల్లో ఉంటుంది.

అమ్మేవాళ్ళు తామే రిపోర్టు చూపిస్తే నంబర్‌ని ఆ ల్యాబ్ వెబ్‌సైట్‌లో మీ ఫోన్‌లోనే కొట్టి చూడండి. అంతటితో ఆగకుండా వెర్నియర్‌తో రాయి పొడవు, వెడల్పు కొలిచి రిపోర్టులో ఉన్న మిల్లీమీటర్లతో పోల్చండి. రిపోర్టు అసలుది, రాయి వేరేది కావడమే ఇక్కడ జరిగే మోసం.

డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వకండి. కొంత బయానా ఇచ్చి, రసీదు మీద ఐదు సంగతులు రాయించండి: మొత్తం బరువు, బంగారం నికర బరువు, ఏ రాయి ఎన్ని, వాటి పక్కన నేచురల్ అనే మాట, ల్యాబ్‌లో తేడా వస్తే ఇన్ని రోజుల్లో డబ్బు వాపస్ అన్న షరతు. ఈ చివరి వాక్యం రాయడానికి అమ్మేవాడు నసిగితే మీకు కావలసిన జవాబు ల్యాబ్ దాకా వెళ్ళకుండానే వచ్చేసింది. రాసిస్తే, ల్యాబ్‌కి మీరే తీసుకెళ్ళండి, లేదా కలిసి వెళ్ళండి. పంపేముందు ఒక్కో రాయినీ ముందూ వెనకా ఫోన్‌తో దగ్గరగా ఫోటో తీసుకోండి. తిరిగొచ్చాక రాళ్ళు మళ్ళీ లెక్కపెట్టి, తూచి, ఫోటోలతో పోల్చాక మిగతా డబ్బు ఇవ్వండి.